సగటు చాటున వీధులు: నగర జీవన నాణ్యతపై పాఠకుల ప్రశ్నలు

నగరంలో జనం ఎలా బతుకుతున్నారో కొలవడం, ఆ కొలతను బట్టి డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో తేల్చుకోవడం గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎనిమిదింటికి ఈసారి జవాబులిస్తున్నాం. ఒకే సందేహం పలువురు అడిగిన చోట కలిపి రాశాం.

ప్ర: ప్రపంచ నగరాల జీవన నాణ్యత జాబితాలో మా నగరం పది స్థానాలు కిందికి జారింది. కౌన్సిల్ సమావేశంలో అదే పెద్ద చర్చ. నిజంగా పరిస్థితి అంత దిగజారినట్టా? (ఒక వార్డు సభ్యురాలు)

జ: జారింది స్థానమా, మార్కులా అన్నది ముందు చూడండి. మీ మార్కులు చెక్కుచెదరకపోయినా మిగతా నగరాలు కాస్త మెరుగుపడితే, జాబితాలోకి కొత్త నగరాలు వస్తే స్థానం మారిపోతుంది. నడిమి వరుసల్లో నగరాలు కొద్దిపాటి మార్కుల తేడాతో గుమిగూడి ఉంటే చిన్న కదలికకే పది మెట్లు దిగడం మామూలే.

అసలు ఈ జాబితాలు ఎవరి కోసం పుట్టాయో తెలిస్తే వాటికి ఎంత విలువ ఇవ్వాలో తేలిపోతుంది. ఎకనమిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్, మెర్సర్ సంస్థలు తయారుచేసేవి ఉద్యోగుల్ని విదేశాలకు పంపే కంపెనీలకు బాగా అక్కరకొస్తాయి. ఫలానా నగరానికి పంపితే కష్టభత్యం ఎంత ఇవ్వాలన్నది వాళ్ల ప్రశ్న. మొదటి జాబితాలో స్థిరత్వానికి 25 శాతం, వైద్యానికి 20, సంస్కృతి-పర్యావరణానికి 25, విద్యకు 10, మౌలిక వసతులకు 20 శాతం వెయిటేజీ. జీవన వ్యయం అందులో లేదు. మెర్సర్ న్యూయార్క్‌ను 100గా పెట్టుకుని మిగతా నగరాల్ని దాంతో పోల్చింది. రెండింట్లోనూ నగరమంతటికీ కలిపి ఒక్కటే అంకె. నీళ్లందని వీధి ఏదో ఆ అంకె చెప్పదు, మీ కౌన్సిల్‌కు తెలియాల్సింది మాత్రం అదే.

నగరాల మధ్య పోలిక తప్పనిసరి అయితే, లెక్క కట్టే తీరు బయటికి తెలిసిన కొలతలు వాడండి. నగర సేవల్ని కొలవడానికి 2014లో వచ్చి 2018లో సవరణ జరిగిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 37120, ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో నగరాల గురించిన 11వదాని సూచికలు ఇలాంటివి. దేన్ని దేనితో భాగించాలో వాటిలో రాసి ఉంటుంది. నగరం హద్దు ఎక్కడన్నది కూడా చూసుకోవాలి. ఒక నగరం శివార్లను కలుపుకుని, ఇంకోటి వదిలేసి లెక్క చెబితే ఆ పోలికకు అర్థం లేదు. అందుకే 2020లో ఐరాస గణాంక సంఘం ఒక పద్ధతిని ఆమోదించింది: మ్యాపును చదరపు కిలోమీటరు గడులుగా విడదీస్తే, కనీసం 1,500 మంది ఉన్న గడులు ఒకదాన్నొకటి ఆనుకుని, అన్నీ కలిపి 50,000 మందికి తగ్గకుండా ఉంటే అది నగరం. పాలనా హద్దులతో పని లేకుండా పోల్చుకోవచ్చు.

ప్ర: కన్సల్టెంట్లు మాకు 140 సూచికల జాబితా ఇచ్చి వెళ్లారు. ఉన్నది నలుగురు సిబ్బంది. ఎక్కడ మొదలుపెట్టాలి? (మున్సిపల్ ఉద్యోగి)

జ: 140 అంటే లెక్కలు పోగేయడానికే ఏడాది గడిచిపోతుంది, చదివి పని చేయడానికి టైము మిగలదు. 20 నుంచి 25 చాలు. ఒక్కో సూచికను ఇలా నిలదీయండి. ఈ అంకె చెడితే ఏ విభాగం, ఏ పద్దు కింద, ఏం చేస్తుంది? వచ్చే ఏడాది కూడా ఇదే పద్ధతిలో కొలవగలమా? వార్డుల వారీగా విడదీయగలమా? ఇది మనం పెట్టిన ఖర్చును చెబుతోందా, జనానికి అందినదాన్ని చెబుతోందా? మొదటి ప్రశ్నకు జవాబు లేని సూచికను ఎంత ముచ్చటగా ఉన్నా తీసేయండి.

ఒక్క నీటినే తీసుకుందాం. "నీటి కనెక్షన్ ఉన్న ఇళ్ల శాతం" దాదాపు ప్రతి జాబితాలోనూ ఉంటుంది. పైపు ఎంతదూరం వేశారో అది చెబుతుంది. కుళాయి తిప్పితే ఏమొస్తుందో చెప్పదు. దాని బదులు ఇలా కొలవండి. వార్డులో 30 ఇళ్లు ఎంచుకోండి: ట్యాంకుకు దగ్గరగా పది, లైను మధ్యలో పది, చివర్లో పది. నీళ్లు వచ్చిన వేళ, ఆగిన వేళ ఏడు రోజుల పాటు ఇంటివాళ్లే ఒక కాగితం మీద రాస్తారు. ఒక రోజు మీ మనిషి వెళ్లి, సరఫరా మొదలైన పావుగంటకు 10 లీటర్ల బకెట్‌ను మెయిన్ లైన్ కుళాయి కింద పెట్టి, నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తాడు. ఇంటి మీది ట్యాంకు నుంచి వచ్చే కుళాయి దగ్గర కొలిస్తే లెక్క తప్పుతుంది. నిమిషంలో నిండితే నిమిషానికి 10 లీటర్లు, నాలుగు నిమిషాలు పడితే రెండున్నర. ఆ ఇంట్లో మోటారు పెట్టి లాగుతుంటే ఆపించి కొలవాలి. పక్కింట్లో మోటారు నడుస్తుంటే ఆ సంగతి కాగితం మీద రాయాలి. కుళాయిని ఒకటి రెండు నిమిషాలు వదిలేశాక క్లోరిన్ కిట్‌తో పరీక్షిస్తే అదీ అయిపోతుంది. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

మూడు పదులకూ విడివిడిగా మధ్యగతం (అంకెల్ని వరుసగా పేరిస్తే నడుమ వచ్చేది) చూడండి, కలిపి సగటు తీయకండి. మూడు చోట్లా గంటలే తక్కువైతే లోపం పైన ఉంది: రిజర్వాయరులోనో, పంపింగులోనో, కరెంటులోనో. ట్యాంకు దగ్గర బాగుండి చివర్లో సన్నగిల్లితే లీకులు, వాల్వులు, మధ్యలో లాగుతున్న మోటార్లు చూడాలి. ధార బాగానే ఉండి చివర్లో క్లోరిన్ మాయమైతే నీరు పైపులో ఎక్కువసేపు నిలిచిపోతోందనో, పగిలిన చోట మురుగు కలుస్తోందనో అనుమానించాలి. ఆ లైనులో వెంటనే బ్యాక్టీరియా పరీక్ష చేయించండి. 30 ఇళ్లు, వారం రోజులు, ఒక బకెట్, ఒక కిట్. ఏ ఇంజినీరు ఏ వీధికి వెళ్లాలో తేలిపోతుంది. మిగతా సూచికలనూ ఈ తీరులోనే వెతకండి.

ప్ర: జనాభిప్రాయ సర్వేకు ఎంతమందిని అడగాలి? మా నగరంలో 20 వార్డులు. 400 మంది చాలంటున్నారు. (పట్టణ ప్రణాళిక విద్యార్థి)

జ: నగరం మొత్తానికి ఒక శాతం కావాలంటే 400 మందితో అటూ ఇటూ 5 పాయింట్ల తేడాలో చెప్పొచ్చు. వెయ్యి మందైతే 3 పాయింట్లు. నగర జనాభా రెండు లక్షలైనా ఇరవై లక్షలైనా ఈ లెక్క దాదాపు మారదు. చిక్కంతా విడదీసినప్పుడే వస్తుంది. 400ను 20 వార్డులకు పంచితే వార్డుకు 20 మంది, తేడా 22 పాయింట్లు. "ఈ వార్డులో 60 శాతం తృప్తిగా ఉన్నారు" అంటే అది 38 కావచ్చు, 82 కావచ్చు. దాన్ని నమ్ముకుని డబ్బు పంచకూడదు. వార్డు స్థాయిలో 10 పాయింట్ల తేడాతో సరిపెట్టుకుంటామన్నా వార్డుకు 100 మంది, మొత్తం 2,000 మంది కావాలి. అంత శక్తి లేకపోతే వార్డుల్ని ఐదు జోన్లుగా కలపండి, లేదా రెండేళ్ల జవాబుల్ని జోడించండి.

ఇంకో లెక్క చాలామంది మరిచిపోతారు. తిరగడం తగ్గించుకోవడానికి ఒక్కో వీధిలో పదేసి ఇళ్లు అడుగుతారు. ఒకే వీధివాళ్ల అనుభవాలు ఒకలాగే ఉంటాయి కాబట్టి పదిమంది చెప్పినా పదిమంది సమాచారం రాదు. వీధిలోని వాళ్ల జవాబుల పోలికను (0 అంటే పోలికే లేదు, 1 అంటే అందరిదీ ఒకటే జవాబు) 0.05 అనుకుంటే, మొదటి మనిషి పోగా మిగిలిన తొమ్మిది మందికి లెక్కేసి 1 + (9 × 0.05) = 1.45 రెట్ల మంది కావాలి. అంటే 400 మందితో రావాల్సిన కచ్చితత్వానికి 580 మందిని అడగాలి. వీధికి ఐదిళ్లు తీసుకుంటే ఈ నష్టం సగానికి పైగా తగ్గుతుంది.

ఏడాదికీ ఏడాదికీ పోల్చేటప్పుడు తేడా మరింత పెరుగుతుంది. రెండుసార్లూ 400 మందినే అడిగితే, సుమారు 7 పాయింట్లకు లోపు మార్పును మార్పుగా ప్రకటించకండి. 62 నుంచి 66కు పెరిగిందని పండగ చేసుకోవడం, 58కి తగ్గిందని ఒకరిని బదిలీ చేయడం రెండూ తప్పే.

ఇక అడిగే తీరు. ఇళ్ల జాబితాలో లెక్క ప్రకారం వచ్చిన ఇంటికే వెళ్లాలి. తలుపు తీసిన మనిషినే అడిగేస్తే పగటిపూట ఇంట్లో ఉండేవాళ్ల మాటే నగరం మాట అయిపోతుంది. ఇంట్లో 18 ఏళ్లు దాటినవాళ్లలో ఎవరి పుట్టినరోజు ముందుగా వస్తుందో వాళ్లని అడగడం తేలికైన పద్ధతి. వాళ్లు లేకపోతే మూడుసార్లు, వేర్వేరు వేళల్లో వెళ్లాలి, అందులో ఒకటి సాయంత్రం, ఒకటి సెలవు రోజు. తాళం ఉందని పక్కింటికి మారిపోతే ఉద్యోగాలకు వెళ్లేవాళ్లంతా జారిపోతారు. అద్దె గదులు, హాస్టళ్లు, కట్టడాల దగ్గర గుడిసెలు ఇళ్ల జాబితాలోనే ఉండవు. వాటికి వేరే జాబితా తయారు చేసుకోవాలి.

ప్రశ్నల వరుస కూడా జవాబును మార్చేస్తుంది. దోమలు, మురుగు, ట్రాఫిక్ గురించి పావుగంట అడిగి, చివర్లో "మొత్తంమీద మీ జీవితంతో ఎంత తృప్తిగా ఉన్నారు?" అంటే మార్కులు పడిపోతాయి. ఆ ప్రశ్నను మొదట్లోనే, 0 నుంచి 10 కొలమానంలో అడగాలి. ఎక్కువగా సంపన్న దేశాలు సభ్యులుగా ఉన్న ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ 2013 మార్గదర్శకాలు చెప్పేదీ దాదాపు ఇదే. "రోడ్లు, బస్సులు బాగున్నాయా?" అని రెండింటినీ ఒకే ప్రశ్నలో కుక్కకండి. రోడ్డు బాగుండి బస్సు రానివాళ్లు ఏం చెప్పాలి? "సాధారణంగా" అని అడిగేకన్నా "గత ఏడు రోజుల్లో" అనడం మేలు. అసలు సర్వేకు ముందు 20, 30 మంది దగ్గర ప్రశ్నాపత్రాన్ని పరీక్షించి, ఎవరైనా "అంటే ఏమిటి?" అని ఎదురడిగిన ప్రతి ప్రశ్ననూ తిరగరాయండి.

ప్ర: ఆన్‌లైన్‌లో ఫారం పెడితే మూడు రోజుల్లో 3,000 జవాబులు వచ్చాయి. ఇంటింటి సర్వే ఇక అక్కర్లేదు కదా?

జ: అక్కరే. వచ్చినవాళ్లు వాళ్లంతట వాళ్లు వచ్చినవాళ్లు: ఫోను, తీరిక, కోపం ఉన్నవాళ్లు. సంఖ్య పెరిగినంత మాత్రాన జవాబులు వాళ్ల వైపే మొగ్గడం ఆగదు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ పత్రికకు 20 లక్షలకు పైగా జవాబులొచ్చాయి, అయినా ఓడిపోయే అభ్యర్థి గెలుస్తాడని చెప్పింది. ఆ 3,000 జవాబుల్లోంచి శాతాలు తీయకండి. గుంత ఎక్కడ, వెలగని దీపం ఎక్కడ అన్న చోట్ల జాబితాగా మాత్రం అవి బంగారం.

ప్ర: మురుగు కాలువ పక్కన ఉండేవాళ్లు "బాగానే ఉంది" అన్నారు. మంచి కాలనీవాళ్లు అన్నీ లోపాలే చెప్పారు. ఎవరి మాట నమ్మాలి? (సర్వేలో పనిచేసిన యువతి)

జ: ఇద్దరిదీ నమ్మాలి, కానీ ఒక్కో జవాబును ఒక్కోలా చదవాలి. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ జాప్ 1980ల్లో దీనికి ఒక చక్కటి పట్టిక ఇచ్చాడు. ఒక వైపు బయటి పరిస్థితి మంచిదా, చెడ్డదా. రెండో వైపు మనిషి తృప్తి ఉందా, లేదా. రెండూ బాగుంటే శ్రేయస్సు, రెండూ బాగోలేకపోతే లేమి. వసతులుండి అసంతృప్తి ఉంటే దాన్ని పొంతన లేమి అన్నాడు. వసతుల్లేకపోయినా తృప్తిగా ఉన్నామనడం సర్దుబాటు. మీరు కాలువ పక్కన విన్నది ఈ చివరిది.

మా దృష్టిలో అన్నింటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన గడి ఇదే. అలవాటైపోయినవాళ్లు ఫిర్యాదు చేయరు. అడిగి లాభం లేదనుకున్నవాళ్లు, ఖాళీ చేయిస్తారేమోనని భయపడేవాళ్లు కూడా "బాగానే ఉంది" అనే అంటారు. ఫిర్యాదుల లెక్కతోనో, తృప్తి శాతంతోనో డబ్బు పంచితే వాళ్ల వాటా ఏటా గొంతున్న కాలనీకి వెళ్లిపోతుంది. కాబట్టి సర్వే కాగితంలోనే రెండో భాగం పెట్టండి: వచ్చినవాళ్లు కళ్లతో చూసి రాసేది. ఇంటి గుమ్మానికీ తెరిచి ఉన్న కాలువకూ ఎన్ని మీటర్లు, నీరు నిలిచిందా, చెత్త తీసిన ఆనవాళ్లున్నాయా. అడిగే ప్రశ్నలోనూ తీర్పు బదులు సంఘటన అడగండి: "గత నెలలో ఇంట్లోకి ఎన్నిసార్లు నీరొచ్చింది?", "పిల్లలకు ఎన్నిసార్లు విరేచనాలు అయ్యాయి?" తృప్తి గురించి "బాగానే ఉంది" అన్నవాళ్లే దీనికి "మూడుసార్లు" అని చెబుతారు.

మంచి కాలనీ అసంతృప్తినీ కొట్టిపారేయకండి. అక్కడ లోపం సాధారణంగా వసతిలో కాకుండా సేవలో ఉంటుంది: చెప్పినా ఎవరూ పలకకపోవడం, పని మధ్యలో ఆగిపోవడం.

ప్ర: అన్ని సూచికల్నీ కలిపి ఒకే మార్కు చేయమంటున్నారు మేయర్‌గారు. ఎలా కలపాలి?

జ: కలపకుండా ఉండగలిగితే మంచిది. తప్పదంటే కనీసం ఈ లెక్క ఆయన ముందు పెట్టండి. ఒక వార్డుకు నీటిలో 90, రోడ్లలో 90, గాలిలో 20. ఇంకో వార్డుకు మూడింటా 65. మామూలు సగటు తీస్తే మొదటిదానికి 66.7, రెండోదానికి 65. ఊపిరాడని వార్డే ముందుంటుంది. మూడింటినీ గుణించి ఘనమూలం తీస్తే మొదటిది 54.5కు పడిపోతుంది, రెండోది 65 దగ్గరే ఉంటుంది. ఒకదాంట్లో ఎంత వెనకబడినా ఇంకోదాంతో పూడ్చుకోవచ్చనే భ్రమ ఈ గుణోత్తర సగటులో తగ్గుతుంది. ఐరాస మానవాభివృద్ధి సూచీ కూడా 2010లో మామూలు సగటు వదిలి దీనికే మారింది. సున్నా మార్కు వస్తే మొత్తం సున్నా అయిపోతుంది కాబట్టి కొలమానాన్ని 1 నుంచి మొదలుపెట్టండి.

మార్కు కట్టేటప్పుడు ఆ ఏడాది అందరిలో తక్కువదాన్ని అడుగుగా, ఎక్కువదాన్ని శిఖరంగా తీసుకోకండి. ఒక వార్డు బాగుపడగానే మిగతావాటి మార్కులు వాటి తప్పు లేకుండానే కదిలిపోతాయి. హద్దులు ముందే కట్టేసుకోండి. గాలిలోని అతి సన్నని ధూళి కణాలకు (పీఎం 2.5) ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన వార్షిక పరిమితి ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు. పూర్తి మార్కులకు అది ఒక గట్టి గుర్తు.

వెయిటేజీలు ఎవరు నిర్ణయించినా, వాటిని అటూ ఇటూ పావు వంతు మార్చి మళ్లీ లెక్క కట్టండి. కింది ఐదు వార్డులు ఎలా మార్చినా కిందే ఉంటే నిశ్చింతగా అక్కడ మొదలుపెట్టొచ్చు.

ప్ర: "90 శాతం ఇళ్లకు 400 మీటర్లలో పార్కు ఉంది" అని మా నివేదిక. మా అమ్మ నాలుగేళ్లుగా ఒక్క పార్కుకూ వెళ్లలేకపోయింది. లెక్క ఎక్కడ తప్పింది?

జ: మ్యాపు మీద పార్కు చుట్టూ 400 మీటర్ల గుండ్రం గీసి, అందులో పడ్డ ఇళ్లన్నీ లెక్కేసి ఉంటారు. ఐరాస సూచికలో ఉన్నది నడిచే దారిలో 400 మీటర్లు. బస్సు స్టాపుకైతే 500, రైలు, మెట్రో లాంటివాటికి కిలోమీటరు, అవీ నడిచే దారిలోనే. మధ్యలో రైలు పట్టాలో, కాలువో, పొడవాటి ప్రహరీయో ఉంటే గుండ్రంలో 200 మీటర్లలో ఉన్న ఇంటికి దారి కిలోమీటరు దాటొచ్చు. దూరాన్ని ఇంటి గుమ్మం నుంచి పార్కు గేటు దాకా, అదీ తెరిచి ఉండే గేటు దాకా కొలవాలి.

దూరం సరిపోయినా మీ అమ్మగారి కాళ్లకు దారి సరిపోవాలి. ఫుట్‌పాత్‌ను వంద మీటర్ల చొప్పున ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కలో అన్నింటికన్నా ఇరుకైన చోట టేపు పెట్టండి. కాగితం మీద రెండు మీటర్లున్న ఫుట్‌పాత్ స్తంభానికీ గోడకీ మధ్య 60 సెంటీమీటర్లే మిగిలితే ఆ ముక్క కొలత 60. చక్రాల కుర్చీకి కనీసం 90 సెంటీమీటర్లు కావాలి, రెండు కుర్చీలు ఎదురుపడి దాటాలంటే 1.8 మీటర్లు. అంచు ఎత్తు, ర్యాంపు ఉందా, దాటే చోట దీపం ఉందా కూడా రాయాలి. దారిలో ఒక్క ముక్క తెగినా, ఆ ఇంటికి పార్కు లేనట్టే లెక్కించండి. నివేదికలోని 90 శాతం ఎక్కడ నిలుస్తుందో అప్పుడు చూడండి.

ప్ర: సూచికలు పెట్టాక అన్ని విభాగాలూ 98 శాతం సాధించాం అంటున్నాయి. వీధిలో ఏం మారలేదు. (స్థానిక సంఘం కార్యదర్శి)

జ: కొలతే లక్ష్యమైపోతే అది కొలతగా పనికిరాకుండా పోతుంది. బ్రిటన్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో చెప్పిన మాటకు ఇదే సారం. ఫిర్యాదుల పరిష్కారం 98 శాతం అంటే చాలాసార్లు 98 శాతం ఫిర్యాదుల్ని కంప్యూటర్లో "క్లోజ్" నొక్కారని మాత్రమే అర్థం. ప్రతి నెలా మూసేసిన వాటిలోంచి లాటరీ తీసినట్టు 50 ఎంచి, ఫిర్యాదు ఇచ్చినవాళ్లకే ఫోన్ చేయించండి: "పని జరిగిందా? మళ్లీ పాడైందా?" అదే నంబరు నుంచి 30 రోజుల్లో మళ్లీ వచ్చిన ఫిర్యాదుల్ని పాతదాని కొనసాగింపుగా లెక్కించండి. పని చేసే విభాగం, కొలిచే మనిషి ఒకటే కాకూడదు. కొలంబియా రాజధాని బొగోటాలో 1998 నుంచి నడుస్తున్న "బొగోటా కోమో వామోస్" కార్యక్రమంలో లెక్క అడిగేది నగరపాలిక బయటివాళ్లు: వాణిజ్య మండలి, ఒక దినపత్రిక సంస్థ, ఒక ఫౌండేషన్. మేయర్లు మారినా కొలత ఆగకపోవడానికి అదొక బలం.

మీ సంఘమే ఆ పని చేయొచ్చు. బడ్జెట్ చర్చకు మూడు నెలల ముందు ఫలితాలు చేతిలో ఉండేలా క్యాలెండరు వేసుకోండి. ఆ తర్వాత వచ్చిన నివేదికను ఎవరూ తిరగేయరు. వార్డుకు ఒకే పేజీ: ఐదారు అంకెలు, ఒక్కోదానికి పక్కనే తేడా ఎంతో, కిందటేడు ఎంతో, ఏ విభాగం ఏ తేదీలోగా ఏం చేయాలో. 30 మంది కన్నా తక్కువ జవాబులున్న ముక్కకు శాతం అచ్చేయకండి. అంత చిన్న వీధిలో ఎవరేం చెప్పారో పక్కవాళ్లు పోల్చుకుంటారు, మరుసటి ఏడాది అక్కడ ఎవరూ నోరు విప్పరు.